మెయిల్‌కూ ఒక స్లబ్ క్యాచర్ ఉంది

వైండింగ్ ఖాతాలో పని చేసిన వాళ్లకు స్లబ్ క్యాచర్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మిల్లు చూడని పిల్లల కోసం చెప్తున్నా. బాబిన్ మీది దారం కోన్‌కు ఎక్కే దారిలో, సన్నటి సందు ఉండే చిన్న రేకు అది. దారంలో లావుపాటి చోటు వస్తే ఆ సందులో ఇరికి తెగిపోతుంది. ఆ లావు ముక్క తీసేసి మనం ముడి వెయ్యాలి. సందు మరీ ఇరుకు పెడితే మంచి దారం కూడా తెగుతుంది. పాళీ అంతా ముడులు వేసుడే, కోన్లు నిండవు. సందు వదులు పెడితే లావు దారం సాంచా దాకా పోయి చద్దరులో, టవల్‌లో బయట పడుతుంది. అందుకే 20 నంబరు దారానికి ఒక సందు, 40 నంబరుకు ఇంకో సందు పెట్టేవాళ్లం.

మన సోలాపూర్‌లో ఇప్పుడు ఏ ఇంట్ల చూసినా ఫోన్ ఉంది, ఫోన్‌లో జీమెయిల్ ఉంది. ఆ మెయిల్‌లో కూడా ఇలాంటి స్లబ్ క్యాచర్ ఒకటి పని చేస్తుంది. దాని పేరు స్పామ్ ఫిల్టర్. మనం అడగకుండా వచ్చే చెత్త మెయిల్‌ను స్పామ్ అంటారు. ఈ రోగం ఇయ్యాలటిది కాదు. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ అమ్మకాల మనిషి, తమ కొత్త కంప్యూటర్లు వచ్చి చూడండని ఒకే మెయిల్‌ను దాదాపు 400 మందికి పంపాడు. జనం అప్పుడే తిట్టారు. అయినా ఆగలేదు.

చెత్తను ఆపితే మంచిదే కదా, మనకేం బాధ అనుకోవచ్చు. బాధ ఉంది. మా వాడలో ఒక పిల్లగాడు డిప్లొమా చేసి పుణెలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాడు. పొద్దున సాయంత్రం మెయిల్ చూసేవాడు, ఏమీ రాలేదు. వాళ్లమ్మ బీడీలు చుట్టి చదివించింది. ఒకరోజు దోస్తు చెప్తే స్పామ్ డబ్బా తెరిచాడు. ఇంటర్వ్యూ పిలుపు అందులో పడి ఉంది. తారీఖు దాటి నాలుగు రోజులైంది. మంచి దారం తెగినట్టే. మిల్లులో అయితే ముడి వేస్తాం. ఇక్కడ ముడి వెయ్యడానికి 30 రోజులే గడువు. స్పామ్‌లో పడ్డ మెయిల్‌ను జీమెయిల్ 30 రోజుల తర్వాత దానంతట అదే చెరిపేస్తుంది.

అసలు ఈ ఫిల్టర్‌కు ఏది మంచిది, ఏది చెడ్డది ఎట్ల తెలుస్తుంది? పంపినవాని అడ్రసు నిజమైనదా అని చూస్తుంది. లోపలి మాటలు, లింకులు చూస్తుంది. అదే మెయిల్‌ను ఎంతమంది చెత్త అన్నారో చూస్తుంది. 2002లో పాల్ గ్రాహం అనే అమెరికా ప్రోగ్రామర్ ఒక తరీకా రాశాడు. ఒక్కో మాట చెత్త మెయిల్‌లో ఎన్నిసార్లు వచ్చింది, మంచి మెయిల్‌లో ఎన్నిసార్లు వచ్చింది అని లెక్క కట్టి తేల్చడం. అప్పటినుంచి ఆ తరీకా బాగా పాకింది. అంటే ఈ యంత్రం మనం చూపించిన దాన్నిబట్టి నేర్చుకుంటుంది. కొత్తగా చేరిన బదిలీ మనిషికి జాబర్ పక్కన నిలబడి చూపించినట్టు, దానికి మనం చూపించాలి.

చూపించడం ఇట్ల. ఫోన్‌లో జీమెయిల్ తెరిచి ఎడమ పక్క పైన మూడు గీతలు నొక్కండి. కిందికి జరిపితే స్పామ్ అని కనబడుతుంది. అందులో తెలిసిన మంచి మెయిల్ ఉంటే తెరిచి ‘నాట్ స్పామ్’ నొక్కండి. మళ్లీ ఇన్‌బాక్స్‌కు వస్తుంది. ఆ అడ్రసును కాంటాక్టుల్లో దాచుకోండి. ఇన్‌బాక్స్‌లో చెత్త ఉంటే ఊరికే చెరపకండి, ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కండి. చెరిపితే మనకు పీడ పోతుంది గానీ ఫిల్టర్‌కు ఏమీ తెలియదు. మనం ఎప్పుడో కొన్న దుకాణం వాళ్ల మెయిళ్లు వద్దనుకుంటే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ చాలు. ముక్కు మొహం తెలియని వాళ్ల మెయిల్‌లో మాత్రం ఏ లింకూ నొక్కొద్దు, జవాబు రాయొద్దు. జవాబిస్తే ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని వాళ్లకు తెలిసిపోతుంది.

కాలేజీ, బ్యాంకు, ఉద్యోగమిచ్చే కంపెనీ అడ్రసులకు ఇంకో బందోబస్తు ఉంది. ఇది కంప్యూటర్‌లో చెయ్యాలి, పిల్లలను అడగండి. జీమెయిల్ వెతికే పెట్టె చివర ఉన్న గుర్తు నొక్కి, ‘ఫ్రమ్’ దగ్గర ఆ అడ్రసు రాసి, ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కి, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ దగ్గర టిక్కు పెట్టి, మళ్లీ ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కాలి. ఆ అడ్రసు మెయిల్ ఇక స్పామ్‌లోకి పోదు. అట్లని కనబడ్డ ప్రతి అడ్రసుకూ పెట్టొద్దు. సందు మరీ వదులైతే ఏమవుతుందో మనకు ఎరికే కదా.

వదులు సందులోంచి వచ్చే లావు దారం ఎట్లుంటుందో చెప్తా. మా పక్కింటి వదినకు పీఎఫ్ పింఛను వస్తుంది. “లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యలేదు, సాయంత్రానికల్లా పింఛను బందు, ఈ లింకులో ఓటీపీ వెయ్యండి” అని ఆమెకు మెయిల్ వచ్చింది. అది నేరుగా ఇన్‌బాక్స్‌లోనే పడింది. ఆమె తెలివైంది, నొక్కకుండా తెచ్చి చూపించింది. పంపినవాని పేరు కింద ‘టు మీ’ మీద నొక్కితే అసలు అడ్రసు బయటపడింది. పేరేమో ఆఫీసుది, అడ్రసేమో ఎవడిదో. ప్రభుత్వం అడ్రసు చివర జీఓవీ డాట్ ఇన్ అనో, ఎన్ఐసీ డాట్ ఇన్ అనో ఉంటుంది. పీఎఫ్ పింఛను వాళ్లు లైఫ్ సర్టిఫికెట్‌ను ఏడాదిలో ఏ నెలైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజునుంచి ఏడాది చెల్లుతుంది. పీఎఫ్ ఆఫీసు ఎవరినీ ఓటీపీ అడగదు. 1,000 రూపాయల పింఛనైనా ఆ ఇంటికి నెల మందుల ఖర్చు. దొంగకు అది తెలుసు, అందుకే భయపెడతాడు.

నూటికి 99.9 చెత్త మెయిళ్లు ఆపుతామని గూగుల్ వాళ్లు చెప్తారు. మంచిదే. కానీ 1,000లో జారిన ఆ ఒక్కటి మన ఇంటికే రావచ్చు. కాబట్టి ఆదివారం ఒక పది నిమిషాలు స్పామ్ డబ్బా చూడండి. ఇంట్ల ఉద్యోగానికో, అడ్మిషన్‌కో అర్జీ పెట్టిన పిల్లలుంటే రోజూ చూడండి. ఎవరైనా మోసపోయి పైసలు పోతే సిగ్గుపడి కూర్చోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చెప్తే పైసలు ఆపే వీలు అంత ఎక్కువ.