పాత క్రాలర్ ట్రాక్టర్ల గుర్తింపు, కొనుగోలు

క్రాలర్ ట్రాక్టరు అనగా చక్రాలకు బదులు రెండు ప్రక్కలా ఎడతెగని ఇనుప గొలుసు పట్టాలపై నడిచే ట్రాక్టరు. తెలుగునాట దీనిని చైను ట్రాక్టరు అనీ, ముందు పలక బిగించి ఉంటే బుల్డోజరు అనీ వ్యవహరిస్తారు. 20వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో తయారైన ఇటువంటి యంత్రాలను సేకరించి, బాగుచేసి, ప్రదర్శనలో నిలిపే అభిరుచి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో విస్తృతంగా కలదు. బాహ్యరూపంలో ఒకేలా కనిపించే రెండు యంత్రాలలో ఒకటి కొద్ది నెలల శ్రమతో నడవగా, రెండవది కొన్న ధరకు అనేక రెట్లు మ్రింగి కూడా కదలకపోవచ్చు. అందువలన కొనుగోలుకు ముందే యంత్రాన్ని సరిగా గుర్తించి, పరీక్షించడం అత్యంత ముఖ్యం. ఈ వ్యాసంలో ప్రధానంగా కాటర్‌పిల్లర్ డి2 అనే చిన్న డీజిల్ ట్రాక్టరును ఉదాహరణగా తీసుకోవడమైనది.

నేపథ్యం

కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పరిసరాల డెల్టా భూములు మెత్తనివి. అక్కడ బరువైన ఆవిరి ట్రాక్టర్ల చక్రాలు నేలలో కూరుకుపోయేవి. ఈ ఇబ్బందిని తప్పించడానికి బెంజమిన్ హోల్ట్ ఒక ఆవిరి ట్రాక్టరు వెనుక చక్రాలను తీసివేసి, చెక్క పలకలు బిగించిన గొలుసులను అమర్చి 1904 నవంబరు 24న రాబర్ట్స్ దీవిలో పరీక్షించాడు. అది నేలపై ప్రాకుతూ పోవడం చూసి ఒక ఛాయాచిత్రకారుడు గొంగళిపురుగుతో పోల్చాడని, ఆ ఆంగ్లపదమే "కాటర్‌పిల్లర్" అనే వ్యాపారనామమైనదని చెబుతారు. 1925లో హోల్ట్ కంపెనీ, దాని ప్రత్యర్థి సి.ఎల్. బెస్ట్ కంపెనీ విలీనమై కాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీ ఏర్పడింది. నేటికీ ఏ కంపెనీ చైను ట్రాక్టరునైనా కాటర్‌పిల్లర్ అనేవారు ఎందరో ఉన్నారు. తెలుగువారు మట్టి త్రవ్వే యంత్రాన్ని, అది ఎవరు తయారుచేసినా, పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరుతో పిలవడం కూడా ఇటువంటిదే.

భారతదేశానికి ఈ యంత్రాలు పెద్ద సంఖ్యలో రావడానికి రెండవ ప్రపంచయుద్ధం ఒక కారణం. యుద్ధానంతరం సైన్యం వదిలివేసిన ట్రాక్టర్లతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్‌ను నెలకొల్పి, మధ్య భారతంలో రెల్లుగడ్డి ఆక్రమించిన భూములను లోతుగా దున్నించి సాగులోకి తెచ్చింది. రెల్లు వేళ్ళు చాలా లోతుకు దిగుతాయి కనుక ఎద్దుల నాగలి వాటిని పెకలించలేదు. ఇందుకు మరిన్ని భారీ ట్రాక్టర్లు కొనడానికి 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల ఋణం మంజూరు చేసింది.

గుర్తింపు

అమ్మేవారు చెప్పే సంవత్సరాన్ని, మోడల్ పేరును నమ్మరాదు. రేడియేటరు, బానెట్, సీటు, ఇంధనపు తొట్టి ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి మారుతూ ఉంటాయి. నమ్మదగినది క్రమసంఖ్య ఒక్కటే. కాటర్‌పిల్లర్ యంత్రాలలో క్రమసంఖ్యకు ముందుండే అక్షరాలు, అంకెలే మోడల్‌ను తెలుపుతాయి. 1938 నుండి 1957 వరకు తయారైన డి2లో తొలి శ్రేణి 1947 వరకు వచ్చింది. అందులో 3జె అని ఉంటే రెండు పట్టాల మధ్యరేఖల నడుమ దూరం 40 అంగుళాలు, 5జె అని ఉంటే 50 అంగుళాలు. 1947 తరువాతి శ్రేణిలో ఇవే కొలతలకు 4యు, 5యు అనే గుర్తులు వాడారు. టేపుతో పట్టాల మధ్య దూరం కొలిచి, గుర్తుతో సరిపోల్చుకుంటే యంత్రం కలగాపులగం చేసినదో కాదో కొంతవరకు తెలిసిపోతుంది. డి4లో 1947-1959 నాటి 6యు 44 అంగుళాలది, 7యు 60 అంగుళాలది.

ఇంకా పాతవైన పెట్రోలు యంత్రాలకు వేరే గుర్తులు ఉన్నాయి. టెన్‌కు పిటి, ఫిఫ్టీన్‌కు పివి, ట్వెంటీటూకు 2ఎఫ్, 1జె. థర్టీ విషయంలో ఎస్ అని ఉంటే శాన్ లియాండ్రో కర్మాగారంలోను, పిఎస్ అని ఉంటే పియోరియాలోను తయారైనట్లు. సిక్స్‌టీకి ఇదే విధంగా ఎ, పిఎ.

క్రమసంఖ్య ఇంజనుపై ఉన్న రేకుమీద, ట్రాక్టరు వెనుక గేరుపెట్టె పోత ఇనుముపై ఉంటుంది. ఈ రెండూ ఒకటే అయితే ఇంజను పుట్టుకతో వచ్చినదే. వేరుగా ఉంటే ఎప్పుడో ఇంజను మార్చారని అర్థం. పొలంలో నడిపించుకోవడానికి ఇది లోపం కాదు, కానీ ప్రదర్శనశాలకు కొనేవారు ధర తగ్గించి అడగవచ్చు. రేకు ఊడదీసి, పోతపై సంఖ్యను అరగదీసి ఉంటే ఆ బేరం వదులుకోవడమే ఉత్తమం. అమెరికాలో ఇటువంటి యంత్రాలకు సాధారణంగా రోడ్డు వాహనాల వలె రిజిస్ట్రేషన్ పత్రాలు ఉండవు. క్రమసంఖ్య వ్రాసి, సంతకం చేసిన అమ్మకపు రసీదే యాజమాన్యానికి ఆధారం.

రంగు కూడా ఒక సాక్ష్యమే. కాటర్‌పిల్లర్ కంపెనీ 1931 డిసెంబరులో బూడిదరంగు వదిలి పసుపురంగుకు మారింది. ఎవరి చేయీ సోకని మూలలో, ఉదాహరణకు రేడియేటరు వెనుక, రంగును పొరలు పొరలుగా గీకి చూస్తే అడుగున బూడిదరంగో, యుద్ధకాలపు సైనిక ఆకుపచ్చో బయటపడవచ్చు.

ఇతర కంపెనీల యంత్రాలు

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి టిడి శ్రేణి డీజిల్ ఇంజన్లు మొదట పెట్రోలుతో నడక ప్రారంభించి, వేడెక్కిన తరువాత అదే ఇంజనును డీజిల్‌కు మార్చుకునే విచిత్రమైన ఏర్పాటు కలవి. క్లీట్రాక్ యంత్రాలలో మలుపు తిరిగేటప్పుడు కూడా రెండు పట్టాలకూ శక్తి అందుతుంది. ఆ కంపెనీని 1944లో ఆలివర్ కొన్నది. స్థలం తక్కువగా ఉన్నవారికి ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో రాన్సమ్స్ కంపెనీ 1936 నుండి తయారుచేసిన ఎంజి శ్రేణి చిన్న తోట ట్రాక్టర్లు అనుకూలం.

పట్టాల పరీక్ష

క్రాలరు కొనేవారు ఇంజను కంటే ముందు పట్టాలను చూడాలి. ఇంజనును చూసి మురిసిపోయి పట్టాలను మరచినవారే ఎక్కువగా నష్టపోతారు. అరిగిన పట్టాలు, రోలర్లు, పళ్ళచక్రాలు అన్నీ మార్చవలసి వస్తే ఆ ఖర్చు సులభంగా ట్రాక్టరు ధరను దాటిపోతుంది.

గొలుసులోని ప్రతి లంకెలో ఒక పిన్ను, దానిపై ఒక బుష్ ఉంటాయి. పళ్ళచక్రం లాగేది బుష్‌నే. ఏళ్ళ తరబడి ఒకే వైపు ఒరుసుకోవడంతో పిన్ను, బుష్ ఆ వైపు అరిగి లంకె నుండి లంకెకు దూరం పెరుగుతుంది. గొలుసు సాగినది అంటారు గానీ నిజానికి ఇనుము సాగదు, కీళ్ళు అరుగుతాయి. పట్టాను బిగుతుగా లాగి, వరుసగా నాలుగైదు పిన్నుల దూరం కొలిచి కొత్తదాని కొలతతో పోల్చడం సరైన పద్ధతి. అరుగుదల మితంగా ఉంటే పెద్ద ప్రెస్‌పై పిన్నులను, బుష్‌లను ఊడదీసి అరగని వైపుకు త్రిప్పి మరల బిగించవచ్చు. బుష్ పగిలే వరకు అరిగినచో ఈ అవకాశం ఉండదు. పళ్ళచక్రపు పళ్ళు కొడవలి మొనల వలె సన్నబడి ఉన్నచో గొలుసుతోపాటు అది కూడా పోయినట్లే. బాగా బిగించి రంగు వేసిన పట్టా చూపులకు కొత్తదిగా ఉంటుంది కనుక, ముందరి ఐడ్లర్ చక్రం ఇంకా ఎంత ముందుకు జరపడానికి వీలున్నదో చూడాలి. చివరికంటా జరిపి ఉన్నచో అరుగుదలను అలా దాచారని గ్రహించాలి.

ఇంజను

డి2లో నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజనును ప్రారంభించడానికి పోనీ మోటారు అనబడే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను ఉంటుంది. ముందుగా దీనిని నడిపి, పళ్ళు కలిపి, క్లచ్‌తో పెద్ద ఇంజనును త్రిప్పుతారు. రెండింటికీ చల్లదనపు నీరు ఒకటే. పైగా చిన్న ఇంజను పొగ డీజిల్ ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని వేడిచేస్తూ పోతుంది. చలిదేశపు ఉదయాన కొన్ని నిమిషాలు పోనీ మోటారును నడిపితే పెద్ద ఇంజను వెచ్చబడి సులభంగా అందుకుంటుంది. ఇంత చక్కని ఏర్పాటు అయినా, పోనీ మోటారు చెడిన ట్రాక్టరును నడిపి చూపించడం అమ్మేవారికి సాధ్యం కాదు. "పెద్ద ఇంజను భేషుగ్గా ఉంది, చిన్నదే కాస్త మొరాయిస్తోంది" అనే మాటను నిరూపణ లేనిదిగానే లెక్కించాలి.

పొగగొట్టం పైన మూత లేకుండా ఏళ్ళపాటు వానలో నిలిచిన ఇంజను సాధారణంగా పట్టేసి ఉంటుంది. తెరచి ఉన్న వాల్వు గుండా నీరు సిలిండరులోకి దిగి, పిస్టన్ రింగులు గోడకు తుప్పుతో అతుక్కుంటాయి. ఇది తప్పనిసరిగా ప్రాణాంతకం కాదు. నూనె పోసి ఓపికగా నానబెడితే విడివడేవి ఉన్నాయి. మరొక ట్రాక్టరుతో లాగి బలవంతంగా త్రిప్పితే మాత్రం కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఇంతకంటే ప్రమాదకరమైనది చలికి గడ్డకట్టిన నీటివలన పగిలిన బ్లాకు. నూనెలో నీరు, ఇంజను ప్రక్కలపై వెల్డింగు మచ్చలు, క్రొత్తగా పూసిన మందపాటి రంగు దానికి సూచనలు.

మలుపు క్లచ్‌లు

ఎక్కువ కాటర్‌పిల్లర్ యంత్రాలలో స్టీరింగు చక్రం ఉండదు. ప్రతి పట్టాకు ఒక పొడి క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. కుడి లివరు లాగితే కుడి పట్టాకు శక్తి ఆగి యంత్రం కుడికి తిరుగుతుంది. నిలిచిపోయిన యంత్రాలలో ఈ క్లచ్ పలకలు తుప్పుతో ఒకటైపోవడం అతి సాధారణమైన లోపం. లివరు సులభంగా కదిలినంత మాత్రాన క్లచ్ విడిపోయిందని కాదు. యంత్రాన్ని నడిపి రెండు వైపులా త్రిప్పి చూడాలి. అనుభవజ్ఞులు యంత్రాన్ని చాలాకాలం నిలిపేటప్పుడు లివర్లను వెనుకకు లాగి కట్టి ఉంచుతారు, అప్పుడు పలకలు అతుక్కోవు. అటువంటి త్రాడు కట్టి ఉన్న ట్రాక్టరు యజమాని శ్రద్ధ గలవాడని నమ్మవచ్చు. గేరునూనె కారి క్లచ్ తడిసి జారుతూ ఉంటే కిరోసినుతో కడిగే పద్ధతి ఉంది. ఆ కాలపు బ్రేకు, క్లచ్ లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండడం సాధారణం కనుక ఆ దుమ్మును గాలితో ఊదరాదు.

పరీక్షగా నడిపేవారికి ఒక హెచ్చరిక అవసరం. పల్లంలోకి దిగేటప్పుడు ఇంజనే యంత్రాన్ని ఆపుతూ ఉంటుంది. అప్పుడు బ్రేకు త్రొక్కకుండా కుడి లివరు మాత్రమే లాగితే కుడి పట్టా స్వేచ్ఛగా జారి, ట్రాక్టరు ఎడమకు తిరుగుతుంది. ఇది తెలియనివారు గట్టు మీద నుండి బోల్తాపడే ప్రమాదం ఉంది.

రవాణా, నిలుపుదల

డి2 బరువు ఏ పనిముట్టు లేకుండానే మూడు టన్నులకు పైమాట. పలక కూడా ఉంటే ఇంకా ఎక్కువ. ఇనుప పట్టా ఇనుప ట్రైలరుపై, ముఖ్యంగా వానలో, సబ్బుపై వలె జారుతుంది. మందపాటి చెక్కలు పరచి ఎక్కించి, నాలుగు మూలలా గొలుసులతో బిగించాలి. ఇంటికి చేరిన తరువాత పట్టాలు మట్టిలో దిగకుండా దుంగలపై నిలిపి, పొగగొట్టానికి మూత వేయాలి. పాత రంగు, పాత అక్షరాలు ఇంకా నిలిచి ఉన్న యంత్రాన్ని వెంటనే ఇసుకతో గీకి క్రొత్త పసుపు పూయడం సేకరణకర్తలలో ఇప్పుడు అంతగా మెప్పు పొందదు. రంగును ఎప్పుడైనా వేయవచ్చు, అసలు రంగును మాత్రం తిరిగి తేలేరు.