రేవుల పేరులు - అలివి వల

చేపలు కొనునపుడు అవి తాజావియో కావో చూచెదము, ధర బేరమాడెదము. అవి ఏ రేవున ఒడ్డుచేరినవని అడుగుట మాత్రము అరుదు. అడిగినచో ఆ రేవు పేరునందే మన తీరచరిత్ర కొంత వినవచ్చును.

తెలుగుతీరమున కొండచాటు గల రేవులు స్వల్పము. 1933లో పెద్ద ఓడల రేవుగా తెరువబడిన విశాఖపట్నము వంటి చోట్లు తప్ప, తక్కిన తీరము చాలవరకు ఇసుకపట్టు. కెరటములు దూరముననే విరిగి ఒడ్డునకు పరుగెత్తుచుండును. పూర్వము పెద్ద ఓడలు ఒడ్డు చేరలేక లోతునీట లంగరు వేసెడివి. విరుగు కెరటములను దాటి సరకులను, మనుష్యులను ఒడ్డునకు చేర్చినవారు జాలరులు. వారి పడవల పలకలను మేకులతో బిగింపక కొబ్బరిత్రాళ్లతో కుట్టెడివారు. అల కొట్టినపుడు కుట్టుపడవ కొంచెము వంగి తట్టుకొనును. మేకుల పడవ బీటలు వారును. ఆంగ్లేయులు దీనిని మసూలా పడవ యని వ్రాసిరి. ఇప్పుడు దాని స్థానమును చాలవరకు ఫైబరు పడవలు ఆక్రమించినవి.

అలివి వలకును ఇట్టి పడవయే ఆధారము. వలత్రాటి యొక కొనను ఒడ్డుననున్నవారి చేతికిచ్చి, పడవవారు కెరటములు దాటి, అర్ధచంద్రాకారముగా వల విడుచుచు పోయి, రెండవ కొనను కొంతదూరమున ఒడ్డునకు తెత్తురు. రెండు జట్లును త్రాళ్లు లాగుచు క్రమముగా ఒకరికొకరు చేరువగుదురు. వల నడుమనున్న సంచిలో నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు చిక్కును. లాగినవారికి పాలు కలదు. వల, పడవ గలవారికి వేరొక పాలు. చేప ఒడ్డున పడినంతనే స్త్రీల పని మొదలగును. ఏరుట, అమ్ముట, మిగిలినదానిని ఉప్పువేసి ఎండబెట్టుట, తట్ట తలకెత్తుకొని ఊరూర తిరుగుట వారి వంతు.

తీరమున ఊళ్ల పేరులు రెండు విధములు. కొన్ని ఒడ్డున బ్రదుకువారి మాటలనుండి పుట్టినవి. చీరాల చెంత వాడరేవు కలదు. కోనసీమలో ఓడలరేవు కలదు. వాడ యనగా ఓడయే. వాడబలిజలను జాతిపేరునందును ఆ మాటయే యున్నది. తిప్ప యనగా ఇసుకమెట్ట. నరసాపురము దిగువను బియ్యపుతిప్ప యను పల్లె కలదు. దివి యనగా ద్వీపము. కృష్ణానది కడలి గలియుచోట దివిసీమ, హంసలదీవి ఆ మాటనే నిలుపుకొన్నవి. ఎచ్చట నీరు లోతు, ఎచ్చట ఇసుకమెట్ట యని తెలియుట జాలరికి ప్రాణావసరము గదా!

మరికొన్ని పేరులు రాజులతోను, వర్తకులతోను ముడివడినవి. మచిలీపట్నమనగా చేపలపట్నమని జనులు అర్థము చెప్పుదురు. మచిలీ హిందీ ఉర్దూల మాట. కాని క్రీస్తుశకము రెండవ శతాబ్దమునందే టాలెమీ యను గ్రీకు గ్రంథకర్త ఈ సీమను మైసోలియా యనెను. ఆ ఊరి రెండవ పేరగు బందరు పారసీక పదము. మన రేవు అనుదానికి అది సాటి. నేటి నిజాంపట్నము తొలుత పెద్దపల్లి. 1611లో ఆంగ్లేయుల గ్లోబు నావ వచ్చినపుడు వారు దానిని పెట్టపోలి యనిరి. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరు వారి నోట మడపొల్లమై, ఒక తెల్లని నూలుబట్టకు పేరయ్యెను. కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారిని బర్మాలో కోరంగీలనిరి.

ఆ వైభవము కడలియలల పాలబడినది. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున శాసనము వేయించి, గాలివానకు చిక్కి ఒడ్డుకొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులవలె హరింపక, నియతమైన సుంకము మాత్రమే కొందునని వర్తకులకు అభయమిచ్చెను. ఆ మోటుపల్లి నేడు చిన్న పల్లె. కోరంగిని 1789లోను, 1839లోను తుపానులు ముంచినవి. 1864 ఉప్పెనలో బందరు ప్రాంతమున ఇంచుమించు 30,000 మంది మరణించిరి. 1977లో దివిసీమ వేలాది ప్రాణములను కోలుపోయెను. ఓడలు పోయినవి, కోఠీలు కూలినవి. అలివి వల లాగువారు మాత్రము ఆ ఇసుకను విడువలేదు.

ఇప్పుడు ఆ ఇసుకకే ముప్పు వచ్చినది. ఉప్పాడ తీరమున కడలి నేలను కోసి ఇండ్లను మ్రింగుచున్నది. అలల నాపుటకు రాళ్లు పోసినచోట ఈ వల లాగుటకు వీలుండదు. వల పోయినచో జాలరికి ఆదాయము తగ్గును, తట్టతో వచ్చు స్త్రీకి సరకుండదు. ఊరే తరలిపోయినచో దాని పేరు పలుకువారును ఉండరు.

కాగితములకెక్కని పేరులు ఇంకను ఆ స్త్రీల నోట నున్నవి. ఈసారి వాకిట తట్ట దించినపుడు ఆమె రేవు ఏదో, ఆ పేరెట్లు వచ్చినదో అడుగుడు. విన్నది మీ బిడ్డలకు చెప్పుడు. వారి పాఠపుస్తకములో రాజుల పేరులుండును. రేవుల పేరులు మనమే నేర్పవలెను.