ఈల వింటే ఆగే గడియారం

పిల్లలూ! ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి పెట్టుకోండి. మీ అన్ననో చెల్లినో వెనకాల నిలబడి ఈల వేయమనండి. ఈల రాకపోతే చప్పట్లు కొట్టినా సరే. వినగానే స్టాప్‌వాచ్ ఆపండి.

వెంటనే నొక్కేశాం అనుకుంటున్నారు కదా? లేదు! చప్పుడు చెవిలో పడాలి, మెదడు దాన్ని గుర్తుపట్టాలి, తర్వాత వేలు కదలాలి. ఇదంతా జరిగేసరికి దాదాపు పావు సెకను అయిపోతుంది.

బాస్కెట్‌బాల్‌లో ఈ పావు సెకనుకే చాలా విలువ ఉంది. ఎన్‌బిఎ ఆట మొత్తం 48 నిమిషాలు. రెఫరీ ఈల ఊదిన ప్రతిసారీ గడియారం ఆగాలి. పూర్వం బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఈల విని బటన్ నొక్కేవారు. చుట్టూ వేలమంది అరుస్తుంటే ఈల వినపడడమే కష్టం! ఒక్కో ఈలకు పావు సెకను పోయిందనుకోండి. 40 ఈలలకు ఎంత? 10 సెకన్లు. ఆ సమయంలో రెండు మూడు బుట్టలు కూడా వేసేయొచ్చు.

మైక్ కోస్టాబిలే అనే అమెరికన్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఆయన కూడా రెఫరీగా పనిచేసినవారే. రెఫరీ ఈల దగ్గర చిన్న మైకు ఉంటుంది. నడుము బెల్టుకు ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఈల మోగగానే ఆ పెట్టె దాని స్వరాన్ని గుర్తుపట్టి, రేడియో ద్వారా గడియారానికి కబురు పంపుతుంది. గడియారం ఆగిపోతుంది. జనం ఎంత అరిచినా అది పట్టించుకోదు, ఎందుకంటే ఈల స్వరం మన గొంతు కన్నా చాలా సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. (మన ఇంట్లో కుక్కర్ విజిల్ కూడా అంతే. టీవీ ఎంత గట్టిగా పెట్టినా అమ్మకు వినిపిస్తుంది!)

మరి గడియారాన్ని మళ్ళీ నడిపించేది ఎవరు? ఈల కాదు. బయటి నుంచి విసిరిన బంతి లోపలి ఆటగాడికి తగలగానే గడియారం మొదలవ్వాలి. అప్పుడు ఈల మోగదు కదా! అందుకని రెఫరీ కళ్ళతో చూసి, నడుము దగ్గరున్న బటన్ నొక్కుతారు. అంటే ఇక్కడ మళ్ళీ మనిషి వేలే.

మొదలుపెట్టడం మీద ఎంత గొడవ వస్తుందో 2004 మే 13న అందరూ చూశారు. శాన్ ఆంటోనియోలో స్పర్స్, లేకర్స్ ఆడుతున్నారు. స్పర్స్ 73, లేకర్స్ 72. ఇంకా 0.4 సెకను మాత్రమే ఉంది. 0.3 కన్నా తక్కువ మిగిలితే బంతి పట్టుకుని వేయడానికి రూలు ఒప్పుకోదు. ఇక్కడ ఒక్క పదోవంతు ఎక్కువ ఉంది! లేకర్స్ ఆటగాడు డెరెక్ ఫిషర్ బంతి అందుకుని, గిర్రున తిరిగి, ఎడమచేత్తో వేశాడు. బంతి బుట్టలో పడింది.

గడియారం ఆలస్యంగా మొదలైందని స్పర్స్ ఫిర్యాదు చేశారు. ఎన్‌బిఎ ఒప్పుకోలేదు. లేకర్స్ 74, స్పర్స్ 73 అనే లెక్కే మిగిలింది.

ఆలోచించి రాయండి: బంతి చేతికి తగిలిందని గడియారానికి తానే తెలియాలంటే ఏం చేయాలి? మీ ఉపాయం నాలుగు వాక్యాల్లో చెప్పండి.