విదేశపు వాటాలు - స్వదేశపు పన్ను

డాలర్లలో నష్టపోయినవాడు రూపాయలలో పన్ను కట్టవలసివచ్చునా? ప్రశ్న వింతగా తోచవచ్చును గాని, వచ్చును. డాలరు వెల 75 రూపాయలుగా ఉన్నప్పుడు ఒకరు అమెరికా కంపెనీ వాటా నొకదానిని 100 డాలర్లకు కొనిరనుకొందము. వారు పెట్టినది 7,500 రూపాయలు. మూడేండ్ల తరువాత ఆ వాటా ధర కొంత తగ్గగా 98 డాలర్లకు అమ్మివేసిరి. అప్పటికి డాలరు 83 రూపాయలైనది. కావున వచ్చినది 8,134 రూపాయలు. న్యూయార్కు లెక్కలో రెండు డాలర్ల నష్టము; మన ఆదాయపు పన్ను లెక్కలో 634 రూపాయల లాభము. భారతదేశమున నివసించువారి లాభనష్టములను మన చట్టము రూపాయలలోనే కొలుచును. అమ్మకపు సొమ్మును రూపాయలలోనికి మార్చుటకు, అమ్మిన నెలకు ముందు నెల చివరిదినమున స్టేట్ బ్యాంకు డాలరును ఏ ధరకు కొనుచుండెనో దానిని తీసికొందురు. రూపాయి విలువ తరుగుచున్న కాలమున ఈ నియమము మదుపరికి కొంత భారమే యని మా అభిప్రాయము.

ఇట్టి చిక్కులు సామాన్యుని గడపకు వచ్చుట ఇటీవలి మాట. 1973 నాటి విదేశ మారకద్రవ్య నియంత్రణ చట్టము అమలులో ఉన్న రోజులలో, విదేశములలో సొంతముగా వాటాలు కొనవలెనను ఊహయే గృహస్థులకు కలుగలేదు. ఆ చట్టము పోయి 1999 నాటి చట్టము 2000 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఒక్కొక్క వ్యక్తి ఏటా 25,000 డాలర్ల వరకు బయటికి పంపుకొనవచ్చునని అనుమతించినది. 2015లో ఆ పరిమితి 2,50,000 డాలర్లకు పెరిగినది. నేడు సెల్‌ఫోనులోనుండియే అమెరికా వాటాలు కొనుచున్నారు. కొనకయే వాటాదారులైనవారును కలరు. హైదరాబాదులో అమెరికా కంపెనీల శాఖలయందు పనిచేయు మన యువకులకు జీతములో కొంత భాగము మాతృసంస్థ వాటాల రూపమున ముట్టుచున్నది. అవి చేతికి వచ్చిననాటి వెల జీతముగా లెక్కకు వచ్చి పన్నుకు లోబడును; ఆపై పెరిగినది మాత్రమే అమ్మిననాటి లాభము. ఈ తేడా తెలియక మొత్తము వెలను లాభముగా చూపి, ఒకే సొమ్ముపై రెండుమారులు పన్ను కట్టుకొనువారు లేకపోలేదు.

డబ్బు పంపునప్పుడే బ్యాంకు కొంత పట్టుకొనును. 2025 ఏప్రిల్ 1 నుండి ఉన్న నియమము ప్రకారము, మదుపు కొరకు ఒక ఆర్థిక సంవత్సరమున 10 లక్షల రూపాయలకు మించి పంపినచో, మించిన భాగముపై నూటికి 20 వంతున వసూలు చేయుదురు. 15 లక్షలు పంపినవారినుండి లక్ష రూపాయలు. దీనిని చూచి పలువురు బెంబేలెత్తుచున్నారు. ఇది వేరుగా విధించిన పన్ను కాదు. ముందుగా తీసికొన్న సొమ్ము మాత్రమే. రిటర్నులో చూపిన యెడల కట్టవలసిన పన్నులో జమయగును, మిగిలినది తిరిగి వచ్చును.

అమ్మకపు లాభమునకు గడువే కీలకము. విదేశపు వాటాలను 24 నెలలకు మించి ఉంచుకొని అమ్మినచో, 2024 జులై 23 నుండి నూటికి పన్నెండున్నర వంతు పన్ను. అంతకు లోపల అమ్మినచో లాభము మామూలు ఆదాయములో కలిసి, ఆ వ్యక్తికి వర్తించు రేటును పొందును. మన స్టాకు ఎక్స్ఛేంజీలలోని వాటాలకు పండ్రెండు నెలలే చాలును గదా యని భ్రమపడరాదు. విదేశపు ఎక్స్ఛేంజీలో నమోదైన వాటాకు ఆ సదుపాయము లేదు.

ఇక కరెన్సీపై పందెములు. సరకు చేతులు మారకుండ ధరల తేడా మాత్రమే ఇచ్చిపుచ్చుకొను వ్యాపారమును చట్టము సట్టాగా ఎంచును. వాటాలు నిజముగా తన ఖాతాలోనికి వచ్చినచో, కొన్నవాని మనసులో ఎంత జూదమున్నను, అది చట్టము దృష్టిలో సట్టా కాదు! సట్టాలో వచ్చిన నష్టమును జీతమునుండి గాని, ఇతర వ్యాపార లాభమునుండి గాని తగ్గించుకొనుటకు వీలులేదు. సట్టా లాభమునకే దానిని సరిపెట్టవలెను. నాలుగేండ్ల వరకు ముందుకు తీసికొనిపోవచ్చును.

కాని అసలు చిక్కు పన్నుతో మొదలు కాదు. కొద్దిపాటి సొమ్ము మార్జినుగా కట్టించుకొని, దానికి ఎన్నో రెట్లు విదేశ కరెన్సీల జంటలపై పందెము వేయించు సంస్థలు సెల్‌ఫోనులలో ప్రకటనలు గుప్పించుచున్నవి. మన దేశమునుండి ఆ మార్జిను సొమ్మును విదేశములకు పంపుటకే అనుమతి లేదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అనుమతిలేని ఇట్టి సంస్థల పేర్లు 34 ప్రకటించి, పిమ్మట ఆ జాబితాను పెంచుచు వచ్చినది. మన ఎక్స్ఛేంజీలలోనైనను రూపాయి–డాలరు ఒప్పందములు 2024 మే నుండి నిజమైన విదేశ మారకపు అవసరము కలవారికే. ఉల్లంఘించినవారికి, ఇమిడియున్న మొత్తమునకు మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చును. వ్యాపారము నిషిద్ధమైనంత మాత్రమున దాని లాభము పన్నును తప్పించుకొనునా? తప్పించుకొనదు.

డివిడెండు సంగతి సులభము. అమెరికాతో మనకున్న ఒప్పందము ప్రకారము అచ్చట సాధారణముగా నూటికి 25 వంతు మినహాయించుకొందురు. 100 డాలర్ల డివిడెండులో మనకు చేరునది 75. కాని రిటర్నులో 100 డాలర్లనూ చూపవలెను. అచ్చట కట్టిన పన్నుకు, నిర్ణీత ఫారము దాఖలు చేసినచో, ఇచ్చటి పన్నులో మినహాయింపు లభించును. అది ఆ ఆదాయముపై ఇచ్చట పడు పన్నును మించదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మౌనము. లాభము రాకున్నను, ఒక్క పైసాయైనను స్వదేశమునకు తేకున్నను, ఇచ్చట స్థిరనివాసియైనవాడు తన విదేశపు ఆస్తులను రిటర్నులోని ప్రత్యేక పట్టికలో వ్రాయవలసినదే. ఆ పట్టికకు జనవరి నుండి డిసెంబరు వరకు గల సంవత్సరమే ప్రమాణము. మార్చి 31 తరువాతి లెక్కలతో నింపినవారు పొరబడుదురు. 2015 నాటి నల్లధన చట్టము ప్రకారము చూపనిదానికి 10 లక్షల రూపాయల జరిమానా కలదు. స్థిరాస్తులు గాక మిగిలిన విదేశపు ఆస్తుల మొత్తము 20 లక్షలు మించనివారికి 2024 అక్టోబరు 1 నుండి ఈ జరిమానా లేదు. అంతకు ముందు కొద్ది వాటాలున్న చిన్న ఉద్యోగికిని, కోట్లు దాచినవానికిని ఒకే కత్తి. ఆ సడలింపు ఆలస్యముగానైనను న్యాయము. ఎవరికి తెలియునని అనుకొనువారు కలరు. అమెరికాతో 2015లో కుదిరిన ఒప్పందము వలనను, ఇతర దేశములతో జరుగు సమాచార వినిమయము వలనను ఖాతాల వివరములు మన అధికారులకు నేరుగా అందుచున్నవి. 2024 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ హెచ్చరిక సందేశములు పంపగా, 24 వేలమందికి పైగా తమ రిటర్నులను సవరించుకొనిరి.

మరొక్క విషయము, సాధారణముగా ఎవరును చెప్పనిది. మన దేశమున మరణానంతర ఎస్టేటు సుంకము 1985లో రద్దయినది. అమెరికాలో అట్టి పన్ను నేటికిని కలదు. ఆ దేశ పౌరుడును నివాసియు కాని వ్యక్తి మరణించినచో, అమెరికా కంపెనీల వాటాలు అచ్చటి ఆస్తిగనే లెక్కకు వచ్చును. అతనికి మినహాయింపు 60,000 డాలర్ల పాటిదే. ఆపై రేటు నూటికి 40 వరకు పెరుగును. దీనినుండి కాపాడు ఒప్పందము మనకు అమెరికాతో లేదు. వాటాలను తమ పేరునకు మార్పించుకొన వచ్చిన భార్యాబిడ్డలను, అచ్చటి పన్ను శాఖ ఇచ్చు ధ్రువపత్రము తెమ్మని బ్రోకరు కోరవచ్చును. కావున ఖాతా ఎచ్చట ఉన్నదో, అందులో ఏమున్నదో ఒక కాగితముపై వ్రాసి ఇంటిలోనివారికి ఇచ్చి ఉంచవలెను.