బాపు గొంతు

మా బాపు గొంతు వర్లీలో మా చాల్ అంతటికీ తెలుసు. మార్కండేయ జయంతినాడు ఆయన భజన ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు. ఆ గొంతు ఎలా పోయిందో చెబుదామనే ఈ నాలుగు మాటలు. మిల్లుల్లో, కార్ఖానాల్లో ఒళ్లు వంచి పనిచేసిన మన పెద్దవాళ్లకు ఇది ముందుగా తెలియాలి.

1957లో కరీంనగర్ జిల్లాలో మగ్గం వదిలి బొంబాయి వచ్చిన బాపు, ఒక బట్టల మిల్లులో బాయిలర్ ఖాతాలో చేరాడు. ఆవిరి గొట్టాల వేడి బయటికి పోకుండా ఆస్బెస్టాస్ తాడు చుట్టడం, సంచుల్లోని పొడిని నీళ్లతో కలిపి పూయడం, పాతబడ్డ పూతను సుత్తితో కొట్టి రాల్చడం ఆయన పని. ముక్కుకు రుమాలు తప్ప మరేమీ లేదు. సాయంత్రం ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో వస్తే, "పిండిగిర్నీ నుంచి వస్తున్నావా?" అని అమ్మ నవ్వేది. ఆ బట్టలు గుమ్మంలోనే దులిపి ఉతికేది. 1982 సమ్మెతో ఆ ఉద్యోగం పోయింది.

పద్నాలుగేళ్ల తరువాత, 1996లో, బాపు గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం, ఉప్పునీళ్ల పుక్కిలింతలతో ఐదు నెలలు గడిపేశాం. ఆసుపత్రికి వెళ్లేసరికి స్వరపేటికలో క్యాన్సర్ ముదిరింది. అలవాట్లేమిటని డాక్టరుగారు అడిగితే "బీడీలు" అన్నాను. ఏం పనిచేసేవారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గరి రంధ్రంతో ఊపిరి పీలుస్తూ, పలక మీద రాసి మాట్లాడుతూ మరో ఆరేళ్లు బతికాడు. మనవడి బారసాలనాడు పేరు చెవిలో చెప్పలేక, పలక మీద రాసి ఉయ్యాల ముందు పట్టుకున్నాడు. ఆనాడు ఏడవనివాళ్లు లేరు.

ఆస్బెస్టాస్ అంటే రాతినార. దాని సన్నని పోగులు కంటికి కనబడవు. గాలితోపాటు స్వరపేటిక మీదుగానే లోపలికి పోతాయి, కొన్ని అక్కడే చిక్కుకుంటాయి. ఊపిరితిత్తులకు ఇది చేటని ఎప్పటినుంచో తెలుసు. స్వరపేటిక క్యాన్సర్‌కూ ఇది కారణమేనని 2006లో అమెరికా వైద్య నిపుణుల సంఘం ఒకటి, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించాయి. తెల్ల ఆస్బెస్టాస్‌కూ మినహాయింపు లేదు. పొగాకు, మద్యం ఈ జబ్బుకు పెద్ద కారణాలన్నది నిజమే. వాటిని లెక్కలోకి తీసుకున్నా ఈ దుమ్ములో పనిచేసినవారిలో ముప్పు ఎక్కువే. జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు కూడా పట్టవచ్చు. అందుకే పనికీ జబ్బుకూ ముడి మనకు తోచదు.

బాపు విషయంలో బీడీ పాలెంత, దుమ్ము పాలెంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. కానీ ఆ ఐదు నెలలు మాత్రం మా చేతిలోనివే.

అందుకే నా మనవి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలు కట్టిపెట్టి చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒకప్పుడు ఏ దుమ్ములో పనిచేశారో ఆయన అడగకపోయినా చెప్పండి. బీడీ, సిగరెట్ మానండి. ఇంటిమీది పాత సిమెంటు రేకులను కోయకండి, పగలగొట్టకండి. ముక్కలైతే నీళ్లు చల్లి తడిపాకే తీయించండి, పొడిగా ఊడ్వకండి. ఆస్బెస్టాస్ పరిశ్రమలు కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగం మొదలైననాటి నుంచి నలభై ఏళ్లు, లేదా మానేశాక పదిహేనేళ్లు, ఏది ఎక్కువైతే అది, భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ పరిశ్రమల్లో పనిచేసినవారు వాటిని అడిగి తీసుకోవాలి.

ఈ పండక్కి మీ ఇంటి పెద్దాయన పక్కన కాసేపు కూర్చోండి. "తాతా, నువ్వు ఏ ఖాతాలో పనిచేశావు?" అని అడగండి. చెప్పింది రాసిపెట్టుకోండి. ఆయన గొంతు ఉండగానే అడగండి.