ప్లేగు భయముగల ప్రాంతములందు ఎలుకలను ప్రాణముతో పట్టు బోనులు: వాటి యెన్నిక, వినియోగము

ఎలుకలబోను ఎల్లవారును ఎరిగిన వస్తువే. గృహస్థు తన ధాన్యమును కాపాడుకొనుటకై దానిని పెట్టును. ఎలుక చచ్చిన చాలునని యతని తలంపు. పురపాలక సంఘములయొక్కయు తాలూకా కచేరీలయొక్కయు ఉద్యోగులకు ఆ తలంపు చాలదు. ప్లేగు విషయమున వారికి ఎలుకయు, దాని యొడలిమీది పురుగులును చెదరక చేతికి రావలెను. ఇందులకు ప్రాణముతో పట్టు బోను దప్ప మఱియొక సాధనము లేదు. అది యేల యనునదియు, అట్టి బోనును ఎట్లు ఎంచుకొని వాడవలెననునదియు ఈ క్రింద వివరింపబడుచున్నవి.

1. పూర్వ చరిత్ర

1896వ సంవత్సరమున బొంబాయి నగరమున ప్రవేశించిన ప్లేగు తరువాతి దశాబ్దములలో ఈ దేశమున కోటిమందికి పైగా జనులను బలిగొనెను. ఈ వ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని 1894లో హాంకాంగునందు యెర్సిన్ పండితుడు కనిపెట్టియుండెను గాని, అది ఎలుకనుండి మనుష్యునికి ఎట్లు చేరునో తెలియకుండెను. 1898లో కరాచీయందు పాల్ లూయీ సిమండ్ అను ఫ్రెంచి వైద్యుడు పురుగులతో గూడిన ప్లేగు ఎలుకను ఒక గాజుజాడీలో నుంచి, అదే జాడీలో చిన్న తీగబోనునందు ఆరోగ్యముగల మఱియొక ఎలుకను పెట్టెను. అవి రెండును ఒకదానినొకటి తాకుటకు వీలు లేకుండెను. అయినను మొదటిది చచ్చిన కొలది దినములకు రెండవదియు ప్లేగుచేతనే చచ్చెను. పురుగులు లేని రోగపుటెలుకతో పరీక్షించినపుడు రెండవదానికి వ్యాధి సోకలేదు.

సిమండుగారి మాటను పలువురు పండితులు కొన్ని సంవత్సరములవరకు అంగీకరింపరైరి. 1905లో పని ప్రారంభించిన ప్లేగు పరిశోధక సంఘమువారు బొంబాయిలోని ప్లేగు సోకిన గృహములందు గినీపందులను ఉంచి చూచిరి. సన్నని జాలీచే పురుగులు చేరకుండ కాపాడబడినవి బ్రతికెను. కాపుదల లేనివి వ్యాధిపాలయ్యెను. దానితో సందేహము తీరెను.

2. ప్రాణముతోనే పట్టుట యేల?

ఇంగ్లీషున ఫ్లీ అనబడు ఈ పురుగు రెక్కలు లేనిది, గెంతుచు తిరుగును, ఎలుక బొచ్చులో నివసించి దాని రక్తమును పీల్చును. ఈ వ్యాసమున ఎలుకపురుగు అనబడునది ఇదియే. ఎలుక చచ్చి దేహము చల్లబడగానే ఇది దానిని విడిచి వెచ్చని మఱియొక దేహమును వెదకును. దగ్గర వేఱొక ఎలుక దొరకనిచో ఇంటిలో నేలపై పరుండిన మనుష్యుని కుట్టును. స్ప్రింగు దెబ్బచే చంపు బోనులో పడిన ఎలుక తెల్లవారునప్పటికి చల్లబడియుండును. దాని పురుగులు అప్పటికే ఇంటిలో చెదరియుండును. అట్టి ఎలుకను పరీక్షించి పురుగులు లేవని వ్రాసినచో ఆ వ్రాత అబద్ధమగును. ఇంటివారికి అపాయమును కలుగును.

3. బోనుల యెన్నిక

వాడుకలో నున్న బోనులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది ఒక్క ఎలుకను పట్టు తీగబోను. ఎర తగిలించిన కొక్కెమును ఎలుక లాగగానే తలుపు పడును. రెండవది వండర్ ట్రాప్ అనబడు పెద్ద బోను. దీని ద్వారము లోనికి పోను పోను సన్నగిలు గరాటువలె నుండుటచే లోన ప్రవేశించిన ఎలుక మరలి రాజాలదు. ఒకే రాత్రి పెక్కు ఎలుకలు పడవచ్చును. మూడవది షెర్మన్ బోనను రేకుపెట్టె. ఇది మడచుటకు వీలుగా నుండును. పొలములలో చిన్న జాతులను పట్టుటకు తగినది.

ఇంటింట పురుగులను లెక్కించుటకు ఒంటి ఎలుక బోనే శ్రేష్ఠము. పెద్ద బోనులో ఎలుకలు కలిసియుండుటచే ఒకదాని పురుగులు మఱియొకదానిపైకి పోవును. అవి పోరాడి కొన్ని చచ్చుటయు కలదు. ఎలుకల సంఖ్యను తగ్గించుటయే పనియైనప్పుడు ధాన్యపు గిడ్డంగులలోను బజారులలోను పెద్ద బోను మేలు. కొనునపుడు తలుపు తడబడక పడునదియు, తీగల సందులలో ఎలుకపిల్లలు దూరిపోవుటకు వీలు లేనిదియు, పందికొక్కు విఱుగగొట్టలేనంత గట్టిదియు నగు బోనును చూచుకొనవలెను. ప్రతి బోనునకు చెరగని సంఖ్య వేయింపవలెను.

4. ఉంచు స్థలము

ఎలుక నడిమింట తిరుగదు. గోడల వెంబడి పోవును. రెట్టలు, కొఱికిన గుర్తులు, గోడపై జిడ్డుచార కనబడు చోట బోను ద్వారము ఎలుక వచ్చు దిక్కునకు ఎదురుగా నుండునట్లు గోడకు చేర్చి పెట్టవలెను. ఇంటి ఎలుక పైకి ఎక్కు స్వభావము గలది గావున అటకలమీదను దూలములమీదను బోనులు ఉండవలెను. పందికొక్కు నేలను త్రవ్వునది. దానికి మురుగు కాలువల ప్రక్కను, గాదెల క్రిందను, కలుగుల ముఖమునను పెట్టవలెను. రేవు పట్టణములలో గోధుమవన్నె పెద్ద ఎలుకను గూడ చూడవలసియుండును. చుంచు ఎలుకవలె కనబడినను ఎలుకజాతిది కాదు. బోనులో పడినచో వేఱుగా లెక్క వ్రాయవలెను.

5. ఎర, ఎలుక జంకు

ఇంటి ఎలుక క్రొత్త వస్తువును చూచి జంకును. మొదటి రాత్రి బోనులు ఉత్తవిగా నున్నంత మాత్రమున ఆ వీధిలో ఎలుకలు లేవని నివేదిక పంపుట తగదు. రెండు మూడు రాత్రులు ఎర పెట్టి తలుపు పడకుండ కట్టియుంచి, ఎలుకలు వచ్చి తిని పోవుటకు అలవాటు పడిన పిమ్మట బోనును బిగింపవలెను. కాల్చిన కొబ్బరిముక్క, ఎండుచేప, నూనెలో వేచిన పిండివంట మంచి ఎరలు. ధాన్యము సమృద్ధిగా నున్న కొట్లలో గింజలను ఎలుక లక్ష్యపెట్టదు. అచ్చట దోసకాయవంటి తడిగల పదార్థము ఎక్కువగా ఆకర్షించును. బోనులను ప్రొద్దుగ్రుంకువేళ పెట్టి, ఎండ యెక్కక మునుపే తీయవలెను. ఎండలో విడిచిన ఎలుక చచ్చును. పడిన శ్రమయంతయు వ్యర్థమగును.

6. బోనులను తీయుట, పురుగులను లెక్కించుట

పనివారు చేతితొడుగులును, పాదములను పిక్కలను కప్పు బూట్లును ధరింపవలెను. ఎలుక మూత్రమువలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము గూడ సోకును గావున చేతిపై గాయమున్నవారిని ఈ పనికి నియోగింపరాదు. ఎలుకతో గూడిన బోనును తెల్లని గుడ్డసంచిలో నుంచి మూతి బిగించి కట్టవలెను. తెల్లని గుడ్డపై పురుగు సులభముగా కనబడును. ఊరు, వీధి, ఇంటి సంఖ్య, బోను ఉంచిన స్థలము, తేదీ వ్రాసిన చీటిని సంచికి తగిలింపవలెను.

పరీక్షాశాలయందు సంచితో గూడ మూతగల పాత్రలో నుంచి క్లోరోఫారము లేక ఈథరు ఆవిరి పట్టింతురు. పిమ్మట ఎలుకను తెల్లని పళ్లెముపై దువ్వి పురుగులను ఏఱి, సంచిని గూడ వెదకి, అన్నిటిని లెక్కింతురు. బోనుతోనే నీటిలో ముంచి చంపు వాడుక క్రూరము. లెక్కను గూడ చెఱచును. వాడిన బోనును సంచిని మరుగు నీటిలో కడిగి ఎండబెట్టవలెను.

లెక్క రెండు విధములు. 50 బోనులను 3 రాత్రులు ఉంచగా 18 ఎలుకలు పడినవనుకొందము. 150 బోను-రాత్రులకు 18, అనగా నూటికి 12. ఇది ఎలుకల విస్తారమును తెలుపును. ఆ 18 ఎలుకలపై జెనాప్సిల్లా కియోపిస్ జాతి పురుగులు 27 దొరకినచో ఎలుక ఒక్కింటికి 1.5. దీనికి కియోపిస్ సూచిక యని పేరు. ఇది 1కి మించినచో, ప్లేగు ప్రవేశించిన పక్షమున వ్యాపించుటకు అనుకూలమగు స్థితి యేర్పడినదని గ్రహింపవలెను.

జాతిని గుర్తించుటయు ముఖ్యమే. కొలంబో నగరమున పనిచేసిన హర్స్ట్ గారి పరిశోధనలవలన ఆస్టియా యను మఱియొక జాతి పురుగు ప్లేగును వ్యాపింపజేయుటలో కియోపిస్ అంతటి సమర్థత గలది కాదని తేలెను. కావున పురుగులను స్పిరిటులో నుంచి జాతినిర్ణయమునకు పంపవలెను.

7. ఎలుకలు రాలునపుడు చేయదగినది, చేయరానిది

కారణము తెలియక ఎలుకలు చచ్చి పడుటను ఎలుకలు రాలుట యందురు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రమున కలిగిన భూకంపమునకు పిమ్మట, 1994లో బీడు జిల్లా మామ్లా గ్రామమున ప్లేగు బయలుదేరక ముందు ఎలుకలు రాలుటయు, ఇండ్లలో పురుగుల బాధయు కానవచ్చెను. అదే సంవత్సరమున సూరతు నగరమున ఊపిరితిత్తుల ప్లేగుగా ప్రకటింపబడిన వ్యాధివలన లక్షలాది జనులు ఊరు విడిచిపోయిరి. 2002లో హిమాచల ప్రదేశమునను, 2004లో ఉత్తరకాశీ జిల్లాయందును వ్యాధి మరల కనబడెను. కోలారు, చిత్తూరు, కృష్ణగిరి ప్రాంతములు కలియు ముక్కూడలి అడవి ఎలుకలలో ప్లేగునకు పేరుపడిన తావు. కావున ఈ విషయము పాతబడినదని తెలుగు జిల్లాల ఉద్యోగులు తలంపరాదు.

ఇట్టి సమయమున ప్రజలు ఎలుకలను చంపుడని ఒత్తిడి చేయుదురు. ఉద్యోగి ఆ ఒత్తిడికి లోబడి వెంటనే విషము పెట్టించినచో, వందలకొలది ఎలుకలు ఒక్కమారు చచ్చి, వాటి పురుగులన్నియు మనుష్యులపై పడును. ముందు పురుగులను చంపవలెను. ఎలుకల వంతు తరువాత. ఈ క్రమమును తప్పినచో ప్రాణనష్టము కలుగును. పని వరుస యిది.

(అ) జిల్లా ఆరోగ్యాధికారికి తక్షణమే తెలుపవలెను. చచ్చిన ఎలుకను ఎవరును చేతితో తాకరాదు. పట్టుకారుతో తీసి పరీక్షకు పంపవలెను, మిగిలినవానిని కిరసనాయిలు పోసి కాల్పవలెను.

(ఆ) కలుగులలోను, ఎలుకలు తిరుగు దారులలోను పురుగులమందు పొడిని చల్లింపవలెను. డి.డి.టి.కి ఎలుకపురుగులు పలుచోట్ల లొంగకుండుట కనబడినది గావున, ఆ చోటి పురుగులపై పనిచేయు మందును ఆరోగ్యశాఖవారి సలహాచే నిర్ణయింపవలెను.

(ఇ) కొన్ని దినముల పిమ్మట ప్రాణముతో పట్టు బోనులను మరల పెట్టి సూచికను చూడవలెను. అది బాగుగా తగ్గిన పిమ్మటనే ఎలుకలను చంపు పనికి పూనుకొనవలెను.

(ఈ) జ్వరముతో గజ్జలలోగాని చంకలలోగాని బిళ్ల కట్టినవారిని వెంటనే వైద్యునియొద్దకు పంపవలెను. ప్రారంభముననే స్ట్రెప్టోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులు ఇచ్చినచో ఈ వ్యాధి నయమగును.

8. రెండు హెచ్చరికలు

దయచేతనో అలసత్వముచేతనో కొందరు బోనులో పడిన ఎలుకను పొరుగు వీధిలోనో ఊరి వెలుపలనో విడుతురు. దీనివలన పురుగులును, ఉన్నచో వ్యాధియు క్రొత్త తావునకు చేరును. పట్టిన ఎలుకను విడువరాదు.

ఎలుక ఒక్కింటికి ఇంత సొమ్మని బహుమాన మిచ్చుటయు ఆలోచింపదగినది. 1902లో హనోయి నగరమున ఫ్రెంచి ప్రభుత్వమువారు తోకకు ఇంతయని సొమ్ము ఇచ్చినపుడు, జనులు తోకలను మాత్రము కోసి ఎలుకలను విడిచిపెట్టిరి. కొందరు ఎలుకలను పెంచిరి. తోకల సంఖ్య పెరిగెను గాని ఎలుకలు తగ్గలేదు. పనివానికి కూలి ఇచ్చునపుడు సరిగా పెట్టిన బోనును, సరిగా వ్రాసిన చీటిని చూచి ఇచ్చుట మేలు.

రోగము లేని కాలముననే ప్రతి పురపాలక సంఘమును కొన్ని బోనులను, తెల్ల సంచులను, ఒక లెక్క పుస్తకమును సిద్ధముగా నుంచుకొని, బజారులందును గిడ్డంగులందును క్రమముగా సూచికను వ్రాయించుచుండవలెను. మామూలు సంఖ్య తెలిసియున్నప్పుడే దాని పెరుగుదల కంటబడును. ఎలుకలు రాలిననాడు మొదటిమారు లెక్క ప్రారంభించువారికి పోల్చి చూచుకొనుటకు ఏమియు ఉండదు.