నూలుకొక పాత్ర, ఈకకొక పాత్ర

శ్రీకాకుళము జిల్లాలోని భావనపాడు తీరపు ఇసుకతిన్నెలపై మధ్యాహ్నవేళ నడచినవానికి టోపీ అలంకారము కాదనియు, ఆవశ్యకమనియు వేరుగా బోధింప నక్కరలేదు. వానకును ఎండకును తాటాకు గిడుగును తలపై నిలుపుకొని, వరిమడిలో వంగి నాట్లు వేయు స్త్రీలు ఉత్తరాంధ్రమున నిన్నమొన్నటివరకు కానవచ్చుచుండిరి. ఆ తాటాకునే టోపీగా అల్లి, లోపల నూలుగుడ్డ కుట్టి, చుట్టును రంగు నూలుపట్టీ బిగించి, ప్రక్కన నొక ఈకను చెక్కినచో సొగసైన శిరోవేష్టన మగును. కుట్టుపని యేమంత కష్టము కాదు. చిక్కంతయు అద్దకములోనే యున్నది.

ఉన్నికిని పట్టుకును వాడు ఎఱ్ఱని ఆమ్లరంగును నీటిలో కలిపి, అందు కొంచెము వెనిగరు పోసి, తెల్లని నూలుగుడ్డను తెల్లని కోడియీకను ఒక్కమారే ముంచి కాచినవారికి విచిత్రమైన ఫలితము కనబడును: ఈక మందారపు రేకువలె ఎఱ్ఱబడును, గుడ్డ మాత్రము జాడించినంతనే వెలవెలబోవును. నూలు వృక్షజన్యమగు సెల్యులోజు. ఈక కెరటిను అను మాంసకృత్తు, మన గోళ్లును వెండ్రుకలును ఆ జాతివే. ఆమ్లము సోకిన కెరటిను ధనావేశమును పొంది, ఋణావేశముగల రంగును తనవైపు లాగికొనును. సెల్యులోజున కట్టి ఆకర్షణ లేదు. కావున ఒకే టోపీకి రెండు పాత్రలు, రెండు రంగులు, రెండు విధానములు కావలసివచ్చును.

నూలు సంగతి ముందుగా చూతము. వాలుగచేప దవడతో ప్రత్తి నేకి, మిక్కిలి సన్నని నూలు వడకుటకు పేరుగన్న పొందూరు ఈ జిల్లాలోనిదే. అట్టి క్రొత్తబట్టను రంగులో ముంచుటకు నాకు చేయి రాదు. చిరిగిన పాతపంచె యైనచో టోపీకి సరిపోవుటయే కాక, పలుమారులు ఉతుకుటచే గంజి వదలియుండును గనుక రంగు సమముగా పట్టును. క్రొత్తగుడ్డ యైనచో చాకలిసోడాతో ఉడికించి గంజిని పోగొట్టవలెను. బజారున దొరకు సాధారణపు నూలురంగును వేడినీట కరగించి, గుడ్డ కొంత రంగు పీల్చిన పిదప, ఉప్పును రెండుమూడు విడతలుగా చేర్చవలెను. నీటిలోనున్న నూలుపోగు స్వల్పముగా ఋణావేశము కలిగియుండి, తనవంటిదే యగు రంగును దూరముగా త్రోయుచుండును. ఉప్పు ఆ వైరమును అణచి రంగును పోగులోనికి పంపును. ఉప్పుమళ్లకు ప్రసిద్ధమైన నౌపడ ఈ యూరికి పొరుగుననే యుండుట అద్దకమునకు పూనుకొన్నవారి భాగ్యము. అయినను మడిలోని ముతకయుప్పులో సున్నపు లవణములును మెగ్నీషియమును చేరియుండును. అవి రంగును విరిచి మచ్చలు చేయగలవు. శుద్ధిచేసిన ఉప్పే వాడవలెను. నూతినీరు ఉప్పగా నున్నచో పట్టియుంచిన వాననీరు మేలు.

ఈకకు ఓర్పు ఎక్కువ కావలెను. సబ్బు కలిపిన గోరువెచ్చని నీట కడిగి జిడ్డు పోగొట్టి, తడియారక మునుపే రంగునీట వేయవలెను. పొడియీకపై రంగు చారలుగా నిలుచును. నీరు ఆవిరి చిమ్మునంత వేడిగా నుండవచ్చును గాని కుతకుత ఉడుకరాదు. ఉడికినచో ఈక పెళుసెక్కును. తడిసిన ఈక చూచుటకు దయనీయముగా నుండును, భయపడ నక్కరలేదు. పూర్వపు టోపీకారులు దానిని గంజిపిండిలో వేసి కుదుపుచు ఆరబెట్టెడివారు. ఆరినపిమ్మట కెటిలు ఆవిరిలో త్రిప్పి వ్రేళ్లతో నిమిరినచో, నూగునందలి సూక్ష్మమైన కొక్కెములు ఒకదాని నొకటి పట్టుకొని ఈక యథారూపము దాల్చును. ఇందుకు వాడిన పాత్రను మరల వంటకు వాడరాదు.

ఈక ఎక్కడిది అన్నది వేరొక ప్రశ్న. టెక్కలి సమీపమున తేలినీలాపురమునందు చింతచెట్లపై గూళ్లు కట్టు ఎఱ్ఱకాళ్ల కొంగలను గూడబాతులను చూడ జనులు పోవుదురు. వానిని సైబీరియా నుండి వచ్చినవని ఊరివారు మురిపెముగా చెప్పుకొందురు గాని, అవి మన దేశపు పక్షులే. వాని ఈకలపై చేయివేయరాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వర్తించును. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఐరోపా, అమెరికా స్త్రీల టోపీలకై కొంగల కుచ్చుటీకలు బంగారమును మించిన వెలకు అమ్ముడుపోయి, గూళ్లలోని పిల్లలు అనాథలై చచ్చినవి. భారతప్రభుత్వము 1902లో ఈకల ఎగుమతిని నిషేధించెను. ఇంగ్లండు దిగుమతిని ఆపుటకు 1921 వరకు పట్టెను. కోళ్లయంగడిలో పారవేయు తెల్లని ఈకలు ఉండగా ఆ పాపము మన కేల?

అద్దకము అవసరమే లేని ఈకయు గలదు. ఆదిలాబాదు రాజగోండుల గుస్సాడీ నృత్యమున ధరించు నెమలియీకల టోపీలోని నీలము రంగుపదార్థము కాదు. ఈకలోని అతిసూక్ష్మమైన అమరిక వెలుతురును చెదరగొట్టుటచే కలుగు భ్రాంతి. నలిపి పొడిచేసినచో ఆ నీలము మాయమై గోధుమవన్నె మిగులును.

పైన చెప్పిన రెండు పాత్రల నియమమునకు మనయింట ఒక అపవాదము గలదు: పసుపు. అది నూలును ఈకను గూడ పటిక సాయమైనను లేక పట్టును. మొదటిసారి ప్రయత్నించువారికి దానినే సూచింతును. కాని సున్నముగాని సబ్బుగాని తగిలిన నెఱ్ఱబడును, నాలుగు ఎండలకు వెలిసిపోవును. పాత గుడ్డకు, పాత ఈకకు అంతకన్న నిర్భయమైన పరీక్ష లేదు.

టోపీకి ఈకను జిగురుతో అంటించుటకంటె కాడను దారముతో కుట్టుట మంచిది. కడలిగాలి చెమ్మకు జిగురు మెత్తబడును. వాడని దినములలో మూతగల పెట్టెలో కర్పూరముతో గాని ఎండిన వేపాకుతో గాని దాచవలెను. బట్టపురుగు పిల్లలు కెరటిను నారగించును గాని సెల్యులోజును ముట్టవు. పెట్టెను నెలకొకమారు తెరచి చూడనిచో పట్టీ చెక్కుచెదరక, ఈక మాత్రము కాడగా మిగులును.